హద్దు దాటితే ఏమవుతుంది?

మూడు గిగాబైట్ల డేటా మెమరీలో సిద్ధంగా ఉంది. దాన్నంతా ఒకే ఒక్క 'రైట్' సిస్టమ్ కాల్‌తో ఫైల్లోకి పంపమని ఒక ప్రోగ్రామ్ అడిగిందనుకుందాం. లినక్స్ మీద ఆ కాల్ విఫలం కాదు. 2,14,74,79,552 బైట్లు రాసి, ఇంతవరకు రాశానని ఆ సంఖ్యను తిరిగి ఇస్తుంది. మిగిలినదాని కోసం మళ్లీ అడగడం ప్రోగ్రామ్ పని. అదే ప్రోగ్రామ్‌ను మాక్‌ఓఎస్ మీద నడిపితే ఒక్క బైటు కూడా ఫైల్లోకి వెళ్లదు. అడిగిన పరిమాణం చెల్లదంటూ 'ఈఇన్వాల్' అనే ఎర్రర్ వస్తుంది. రెండింటికీ మూలమైన పోసిక్స్ ప్రమాణాన్ని తెరిచి చూస్తే, అడిగిన పరిమాణం 'ఎస్‌సైజ్ మాక్స్' అనే విలువను మించితేనే ఫలితం ఆయా వ్యవస్థ నిర్ణయమని రాసి ఉంటుంది. 64 బిట్ల యంత్రంలో మూడు గిగాబైట్లు ఆ విలువకు దరిదాపుల్లో కూడా ఉండవు. ప్రమాణం దృష్టిలో ఇది మామూలు కోరికే.

లినక్స్ గీత ఒకచోట, మాక్‌ఓఎస్ గీత ఇంకోచోట ఉన్నాయి కానీ ఆ రెండింటి మధ్య దూరం 4095 బైట్లే. 32 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ మాక్‌ఓఎస్ హద్దు. దాన్నే మెమరీ పేజీ సరిహద్దుకు కిందికి సర్దితే వచ్చేది లినక్స్ హద్దు. సంఖ్యలు దాదాపు ఒకటే అయినా, దాటాక జరిగేది పూర్తిగా వేరు. ఒకచోట సగం పని జరిగి నిజాయితీగా లెక్క వస్తుంది, ఇంకోచోట పనే జరగదు. తిరిగి వచ్చిన సంఖ్యను చూడని ప్రోగ్రామ్ లినక్స్ మీద సగం ఫైలు మిగిల్చి, పని పూర్తయిందని చెబుతుంది.

యూనిక్స్ కుటుంబంలో పరిమితుల గురించి యాభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఆ రాతల్లో ఎక్కువ భాగం 'ఎంత' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ప్రోగ్రామ్ రాసేవారికి అంతకన్నా ముందు కావలసింది 'దాటితే ఏమవుతుంది' అన్నదానికి జవాబు. ఎర్రర్ వస్తుందా, తక్కువ పని జరిగి లెక్క వస్తుందా, చెప్పకుండా కత్తిరిస్తుందా, మెమరీ చెడిపోతుందా? ఈ నాలుగింటిలో ఏదన్నది చెప్పని మాన్యువల్ పేజీని, అంటే 'మాన్ పేజీ'ని, సగం పేజీగానే నేను లెక్కిస్తాను. దేన్ని లెక్కపెడుతున్నారు, ఎవరు అమలు చేస్తున్నారు, ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆ విలువను అడిగి తెలుసుకోవచ్చా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

మొదటి తరం వాళ్లు ఈ విషయంలో మనకన్నా మెరుగ్గా ఉన్నారేమో అనిపిస్తుంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల తొలి యూనిక్స్ మాన్యువల్ మీద 1971 నవంబరు 3 తేదీ ఉంటుంది. అందులోనే పేజీల చివర 'బగ్స్' అనే శీర్షిక పెట్టి, తమ వ్యవస్థ ఎక్కడ తప్పుతుందో తామే రాశారు. ఆరో ఎడిషన్ నాటికి ఒక ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే 'ఎగ్జెక్' కాల్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్ల జాబితా 512 బైట్లు మించకూడదు. ఆ లెక్కలో ప్రతి ఆర్గ్యుమెంటు చివరి సున్నా బైటు కూడా చేరుతుందని మాన్యువల్ విడిగా చెప్పింది. మించితే వచ్చే ఎర్రర్ పేరు 'ఈటూబిగ్'. ఎంత, దేన్ని లెక్కపెట్టాలి, దాటితే ఏమవుతుంది అన్న మూడూ ఒకే వాక్యంలో అమరాయి. ఈ 512 ఎక్కడిదంటే, ఆర్గ్యుమెంట్లను కాపీ చేసుకోవడానికి కెర్నెల్ ఒక డిస్క్ బ్లాక్ బఫర్‌ను అరువు తెచ్చుకునేది. బ్లాక్ పరిమాణం 512 బైట్లు. ఏడో ఎడిషన్‌లో ఆ హద్దు 5120కి పెరిగింది. అప్పట్లో వ్యవస్థ చిన్నది. కోడ్ రాసినవారూ మాన్యువల్ రాసినవారూ ఒకరే. సోర్స్ మొత్తం ఒక మనిషి చదవగలిగినంతే ఉండేది.

ఆ తర్వాత బర్క్‌లీ, ఏటీ అండ్ టీ, రకరకాల కంపెనీల యూనిక్స్‌లు విడివిడిగా పెరిగాయి. ఒకచోట ఫైలు పేరు 14 బైట్లు, 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో 255. ఇన్ని రకాల మధ్య ఒక ప్రోగ్రామ్ ఎక్కడైనా నడవాలంటే హద్దులపై ఒప్పందం కావాలి. 1988 నాటి పోసిక్స్ ఆ పని చేసింది. ప్రతి హద్దుకూ ఒక పేరు పెట్టి, దాని కింద ఏ వ్యవస్థా తగ్గకూడని కనీస విలువను నిర్ణయించింది. ఫైలు పేరుకు కనీసం 14 బైట్లు, ఎగ్జెక్ ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ కలిపి కనీసం 4096, పైప్‌లోకి చీలకుండా వెళ్లే రాతకు కనీసం 512. అసలు విలువ కావాలంటే నడుస్తుండగా 'సిస్‌కాన్ఫ్' అనే ఫంక్షన్‌ను అడగాలి. ఫైల్‌సిస్టమ్‌ను బట్టి మారే వాటికి 'పాత్‌కాన్ఫ్' ఉంది. షెల్‌లో 'గెట్‌కాన్ఫ్' అనే కమాండ్ ఇదే పని చేస్తుంది.

ఈ ఏర్పాటును నేను నిజంగా గొప్పదనుకుంటాను. డాక్యుమెంట్‌లో అచ్చయిన సంఖ్య పాతబడుతుంది. వ్యవస్థనే అడిగితే వచ్చే జవాబు పాతబడదు. కాకపోతే ఇందులో ఒక పెద్ద లొసుగు ఉండిపోయింది. సిస్‌కాన్ఫ్ మైనస్ 1 ఇచ్చి, ఎర్రర్ సంఖ్యను ముట్టుకోకుండా వదిలేస్తే, హద్దు 'నిర్ణయించలేనిది' అని అర్థం. అసలు హద్దే లేదా, ఉన్నా చెప్పలేకపోతున్నారా, మెమరీ ఉన్నంతవరకా? మూడింటికీ జవాబు ఒకటే మైనస్ 1. రిచర్డ్ స్టీవెన్స్ 1992లో రాసిన 'అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామింగ్ ఇన్ ది యూనిక్స్ ఎన్విరాన్‌మెంట్'లో ఈ చిక్కు మీద పేజీలకు పేజీలు ఖర్చు పెట్టారు. దారి పేరుకు ఎంత చోటు కేటాయించాలో తేలక, ఊహించి కేటాయించే ఒక ఫంక్షన్‌నే ఆయన రాసి చూపించాల్సి వచ్చింది. ప్రమాణం వదిలిన ఖాళీని పాఠ్యపుస్తకం పూడ్చింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు అయిన గ్నూ వాళ్లు ఇంకో దారి పట్టారు. తోచిన సంఖ్యను హద్దుగా పెట్టడమే తప్పని వారి నియమావళి చెబుతుంది. ఆ నియమాన్ని నిష్ఠగా పాటించిన గ్నూ హర్డ్ వ్యవస్థలో, దారి పొడవు హద్దును చెప్పే 'పాత్ మాక్స్' అనే పేరే నిర్వచించలేదు. పోసిక్స్ అందుకు అనుమతిస్తుంది కూడా. ఫలితంగా ఆ పేరు తప్పకుండా ఉంటుందనుకుని రాసిన ప్రోగ్రామ్‌లు హర్డ్ మీద కంపైల్ కావు. డెబియన్‌ను హర్డ్ మీదకు తెచ్చేవారు ఏళ్ల తరబడి వాటిని ఒక్కొక్కటిగా సరిచేస్తూ వచ్చారు. సిద్ధాంతపరంగా వాళ్లదే ఒప్పు. ఒక దారికి ఎంత చోటు కావాలో అంత ఫంక్షనే కేటాయించి ఇవ్వాలన్న ఆ పద్ధతిని 2008 పోసిక్స్ 'రియల్‌పాత్' ఫంక్షన్ విషయంలో అంగీకరించింది కూడా.

ఎగ్జెక్ దగ్గరికి మళ్లీ వద్దాం. అన్ని రకాల చిక్కులూ ఒకేచోట కనిపించే కాల్ అది. ఒక ఫోల్డర్‌లో లక్షల ఫైళ్లుండగా నక్షత్రం గుర్తు పెట్టి తుడిచేయమంటే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అని వచ్చే సందేశం సర్వర్లతో పని చేసే ప్రతివారికీ పరిచయమే. లినక్స్‌లో చాలాకాలం ఆ హద్దు 32 పేజీలు, అంటే 128 కిలోబైట్లు. 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్ దాన్ని మార్చి, స్టాక్‌కు పెట్టిన పరిమితిలో నాలుగో వంతు అని నిర్ణయించింది. మామూలుగా స్టాక్ పరిమితి 8 మెగాబైట్లు కాబట్టి ఇది 2 మెగాబైట్లవుతుంది. అప్పటినుంచి ఈ హద్దు స్థిరమైన సంఖ్య కాదు, ఇంకో హద్దును బట్టి మారేది. షెల్‌లో స్టాక్ పరిమితిని మార్చి గెట్‌కాన్ఫ్‌ను మళ్లీ అడిగితే వేరే విలువ చెబుతుంది. 2017లో 4.13 కెర్నెల్ మరో పైకప్పు వేసింది. స్టాక్ ఎంత పెంచుకున్నా ఆర్గ్యుమెంట్లకు 6 మెగాబైట్లకు మించి దక్కదు.

ఇంతవరకు మాన్ పేజీలో ఉంది, బాగానే ఉంది. అసలు ముల్లు మరోచోట ఉంది. మొత్తం ఎంతన్నది ఒక హద్దయితే, ఒక్కొక్క ఆర్గ్యుమెంటు ఎంత పొడవుండవచ్చన్నది విడిగా మరో హద్దు. అది 32 పేజీలు, మామూలు యంత్రాల్లో 131072 బైట్లు. స్టాక్ పెంచితే పెరగదు, ఏ ఫైల్లో సంఖ్య మార్చినా మారదు. సిస్‌కాన్ఫ్‌లో దానికి పేరే లేదు. గెట్‌కాన్ఫ్ 2 మెగాబైట్లని చెప్పింది కదాని 200 కిలోబైట్ల ఒకే పొడవాటి స్ట్రింగ్‌ను షెల్‌కు 'మైనస్ సి' తర్వాత ఇస్తే అదే ఈటూబిగ్ వస్తుంది. రెండు వేర్వేరు హద్దులకు ఒకే ఎర్రర్. మనిషి వెళ్లి స్టాక్ పరిమితిని పెంచుతాడు, ఫలితం ఉండదు, ఇంకా పెంచుతాడు. మాన్ పేజీలోని ఆ ఒక్క వాక్యం చదివితే తప్ప కారణం తెలియదు. వ్యవస్థను అడిగితే జవాబు వస్తుందన్న పోసిక్స్ వాగ్దానం ఇక్కడ చెల్లదు. అడగవలసిన ప్రశ్నకే అందులో చోటు లేదు.

పోసిక్స్‌లో ఇంకో అస్పష్టత కూడా మిగిలింది. ఆర్గ్యుమెంట్ల మొత్తంలో సున్నా బైట్లు, పాయింటర్లు, సర్దుబాటు కోసం వదిలే ఖాళీలు చేరతాయా లేదా అన్నది ఆయా వ్యవస్థల ఇష్టానికి వదిలేశారు. ఆరో ఎడిషన్ మాన్యువల్ ఒక వాక్యంలో తేల్చిన విషయం అది. జాబితాను ముక్కలుగా పంపే 'ఎక్సార్గ్స్' ఈ అనుమానాలన్నిటి మధ్య బతకాలి. గ్నూ ఎక్సార్గ్స్ పెద్ద హద్దు దొరికినా మామూలుగా 128 కిలోబైట్లతో సరిపెట్టుకుంటుంది. తాను లెక్కకట్టిన హద్దులను చూపించే ఒక ఆప్షన్ కూడా ఇస్తుంది. పరిమితిని డాక్యుమెంట్ చేసే మార్గాల్లో నాకు బాగా నచ్చినదిది. పుస్తకం వెతకనక్కరలేకుండా పనిముట్టే తన లెక్క చెబుతుంది.

చెప్పకుండా కత్తిరించే హద్దుల ప్రమాదం వేరు. ఎర్రర్ వస్తే కనీసం వెతకడం మొదలుపెడతాం. స్క్రిప్టు మొదటి వరుసలో హ్యాష్, ఆశ్చర్యార్థకం తర్వాత ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో రాస్తాం కదా. లినక్స్ కెర్నెల్ ఆ వరుసలో 127 అక్షరాలు మాత్రమే చదివి, మిగిలినదాన్ని వదిలేసేది. దారి మధ్యలో తెగితే, తెగిన దారిలో ఇంకో ప్రోగ్రామ్ ఉంటే దాన్నే నడిపే అవకాశం ఉంది. ఇది తప్పే కాబట్టి, వరుస మరీ పొడవైతే నిరాకరించేలా ఒక మార్పు చేశారు. 2019 ఫిబ్రవరిలో ఆ మార్పు పాత స్థిర కెర్నెల్ శాఖల్లోకి కూడా చేరేసరికి నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ పంపిణీ వాడేవారి పెర్ల్ స్క్రిప్టులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నిక్స్‌ఓఎస్‌లో ప్రతి ప్యాకేజీ దారీ చాలా పొడవు. పెర్ల్‌కు లైబ్రరీల దారులన్నీ మొదటి వరుసలోనే ఇస్తారు. కెర్నెల్ ఆ వరుసను కత్తిరించినా, పెర్ల్ మొదలయ్యాక ఫైలును తానే తెరిచి, ఆ మొదటి వరుసను మొత్తం మళ్లీ చదువుకుంటుంది. కెర్నెల్ కత్తిరింపు మీద ఆధారపడి ఇన్నేళ్లు అంతా సజావుగా నడిచింది.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. తర్వాత మరింత జాగ్రత్తైన పరిష్కారం వచ్చింది. ప్రోగ్రామ్ దారే మధ్యలో తెగితే నిరాకరించడం, దాని తర్వాతి ఆర్గ్యుమెంట్లు తెగితే పాత పద్ధతిలోనే సాగనివ్వడం. 5.1 కెర్నెల్ నుంచి హద్దు 255కి పెరిగింది. ఈ ఉదంతం నుంచి నేను తీసుకునేదేమిటంటే, హద్దు దాటాక జరిగేది కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. రాసినా రాయకపోయినా జనం దాని మీద కట్టేస్తారు. మాన్ పేజీలో కత్తిరింపు గురించి ఉంది. కత్తిరించిన వరుసను పెర్ల్ లాంటివి మళ్లీ చదువుకుంటాయన్నది ఏ కెర్నెల్ పేజీలోనూ ఉండే విషయం కాదు. దాన్ని బయటపెట్టింది విరిగిపోయిన స్క్రిప్టులే.

చెప్పకుండా తగ్గించేవాటిలో 'లిజన్' కాల్‌ది మరో తీరు. వచ్చే కనెక్షన్ల వరుస ఎంత పొడవుండాలో ప్రోగ్రామ్ చెబుతుంది. అది 'సోమాక్స్‌కాన్' విలువను మించితే కెర్నెల్ దాన్ని మౌనంగా ఆ విలువకు తగ్గించేస్తుంది. ఆ విలువ లినక్స్‌లో ఏళ్ల తరబడి 128. 5.4 కెర్నెల్‌లో 4096 అయింది. వెయ్యి అడిగి వెయ్యి దొరికిందనుకున్న సర్వర్లు పాత కెర్నెళ్ల మీద 128తోనే నడిచాయి. మాన్ పేజీ ఈ మౌనాన్ని స్పష్టంగానే రాసింది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో గ్రూపుల సంగతి ఇంకా చిక్కు. లినక్స్‌లో ఒక యూజరు 65536 గ్రూపుల్లో ఉండవచ్చు. పాత రకం ఎన్‌ఎఫ్‌ఎస్ గుర్తింపు సందేశంలో 16 గ్రూపులకే చోటుంది. పదిహేడో గ్రూపు ద్వారా హక్కు వచ్చినవారికి సర్వర్ దగ్గర 'పర్మిషన్ డినైడ్' ఎదురవుతుంది. యూజరు గ్రూపులను చూపించే కమాండ్ అన్నీ సరిగ్గానే చూపిస్తుంది. ఇక్కడ గీత గీసింది కెర్నెల్ కాదు, నెట్‌వర్క్ ప్రోటోకాల్. గ్రూపుల సిస్టమ్ కాల్ పేజీలో వెతికితే ఇది దొరకదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'సెలెక్ట్'. ఏ ఫైల్ డిస్క్రిప్టర్లు సిద్ధంగా ఉన్నాయో తెలుసుకునే ఈ పాత కాల్ ఒక బిట్ల పట్టికతో పనిచేస్తుంది. సీ లైబ్రరీలో ఆ పట్టికకు 1024 బిట్లే. 1024 లేదా అంతకన్నా పెద్ద సంఖ్య గల డిస్క్రిప్టర్‌ను అందులో పెడితే ఎర్రర్ రాదు. పట్టిక దాటి పక్కనున్న మెమరీ మీద రాత పడుతుంది. కెర్నెల్‌కు అలాంటి స్థిరమైన హద్దు లేదు, గీత లైబ్రరీలో ఉంది. రక్షణ ఆప్షన్లతో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లు ఇప్పుడు ఆ క్షణంలోనే ఆగిపోతాయి. లేనివి చెడిన మెమరీతో సాగిపోతాయి. లినక్స్ మాన్ పేజీ ఈ హెచ్చరికను వివరణ మొదట్లోనే పెట్టింది. అది సరైన చోటు. 2018 డిసెంబరులో వచ్చిన సిస్టమ్‌డీ 240వ వెర్షన్ ఫైళ్ల హార్డ్ పరిమితిని 5,24,288కి పెంచినా, సాఫ్ట్ పరిమితిని 1024 దగ్గరే ఉంచడానికి కారణం ఈ సెలెక్టే. పాత ప్రోగ్రామ్‌లు తెలియకుండా గీత దాటకుండా ఆ చిన్న సంఖ్య కాపలా కాస్తోంది. ఈ సంగతి తెలియనివారు 1024ను పాతకాలపు పిసినారితనంగా చూసి, వ్యవస్థ అంతటికీ ఒకేసారి పెంచేస్తుంటారు. హద్దు పక్కన దాని కారణం కూడా రాసి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కారణం తెలిస్తే ఎంత తేటపడుతుందో మెమరీ మ్యాపింగుల హద్దు చూపిస్తుంది. ఒక ప్రాసెస్‌కు లినక్స్ మామూలుగా 65530 మ్యాపింగులు అనుమతిస్తుంది. ఈ వింత సంఖ్య ఎక్కడిది? ప్రోగ్రామ్ కూలినప్పుడు రాసే కోర్ ఫైలు ఈఎల్ఎఫ్ రూపంలో ఉంటుంది. అందులో భాగాల సంఖ్యకు 16 బిట్ల చోటే ఉండేది, అంటే గరిష్ఠంగా 65535. అందులోంచి ఐదు జాగ్రత్తకు వదిలితే 65530. ఆ ఫైలు రూపాన్ని తర్వాత విస్తరించారు కానీ సంఖ్య అలాగే మిగిలింది. ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టుకున్నవారు చాలామంది దాన్ని 2,62,144కు పెంచమన్న సూచన చూసే ఉంటారు. ఫెడోరా 39 దాన్ని పది లక్షలు దాటించింది. ఈ కథ తెలిసినవారు నిశ్చింతగా పెంచుతారు. తెలియనివారు ఏదో తెగిపోతుందేమోనని భయపడుతూ పెంచుతారు, లేదా అసలు ముట్టుకోరు.

ఎర్రర్లకు పెట్టిన పేర్లు కూడా మనుషులను దారి తప్పిస్తాయి. ఫైళ్లలో మార్పులను కనిపెట్టే 'ఐనోటిఫై' తన గమనికల హద్దు దాటితే 'ఈనోస్పేస్' ఇస్తుంది. తెర మీద కనిపించే వాక్యం డిస్క్‌లో చోటు లేదని. హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా వెబ్ అప్లికేషన్లు రాసే కుర్రవాళ్లు పెద్ద ప్రాజెక్టు తెరవగానే ఈ సందేశం చూసి, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో వెతకడం మామూలు దృశ్యం. డిస్క్ సగం కూడా నిండి ఉండదు. ఐనోటిఫై మాన్ పేజీలో ఈ ఎర్రర్‌కు అర్థం సరిగ్గానే రాసి ఉంది. ఆ పేజీ తెరవాలన్న ఊహ కలిగే దారి ఆ సందేశంలో లేదు. 5.11 కెర్నెల్ నుంచి మెమరీని బట్టి హద్దును పెంచడంతో బాధ తగ్గింది. పేరు మాత్రం మారలేదు. మారదు కూడా, ఎన్నో ప్రోగ్రామ్‌లు దాన్ని నమ్ముకున్నాయి.

ఇక తెలుగువారికి నేరుగా తగిలే హద్దు ఒకటుంది. లినక్స్‌లో వాడే ఎక్స్ట్4 లాంటి ఫైల్‌సిస్టమ్‌లలో ఫైలు పేరు 255 బైట్లు. చాలా పుస్తకాలూ పాఠాలూ దీన్ని '255 అక్షరాలు' అని రాసేస్తాయి. ఇంగ్లీషులో పేరు పెట్టినంతకాలం రెండూ ఒకటే. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కొక్కటి మూడు బైట్లు. 255ను మూడుతో భాగిస్తే 85. ఆ 85 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. ఒత్తు, గుణింతం గుర్తు, సున్నా దేనికదే విడి కోడ్. 'స్త్రీ' చూపుకు ఒకే అక్షరం, లోపల ఆరు కోడ్‌లు, 18 బైట్లు. 'ఆంధ్రప్రదేశ్' 36 బైట్లు, 'తెలంగాణ' 21. పోసిక్స్ హామీ ఇచ్చే కనీసం 14 బైట్లలో 'తెలుగు' అన్న మాటే పట్టదు, దానికి 18 కావాలి.

దీని ఫలితం పనిలో కనిపిస్తుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ 16 బిట్ల యూనిట్లలో 255 లెక్కపెడుతుంది. అక్కడ తెలుగు కోడ్ ఒక్కొక్కటీ ఒక యూనిట్. వార్త శీర్షిక మొత్తాన్నో, వ్యాసం పేరు, రచయిత, పత్రిక, తేదీ కలిపో ఫైలు పేరుగా పెట్టుకుంటే అక్కడ హాయిగా కుదురుతుంది. దాన్నే లినక్స్ డిస్క్ మీదకు కాపీ చేయబోతే 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అంటుంది. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో గుప్తీకరించిన హోమ్ ఫోల్డర్ అయితే పేరుకు 143 బైట్లే, అంటే 47 తెలుగు కోడ్‌లు. తెలుగు పుస్తకాలు, పాత పత్రికలు డిజిటల్‌గా భద్రపరిచేవారు ఈ లెక్క ముందే తెలుసుకుని పేర్లు పెట్టడం మంచిది. వేల ఫైళ్లకు పేర్లు పెట్టేశాక బ్యాకప్ సగంలో ఆగితే తిరిగి మార్చడం చాలా శ్రమ. హద్దు పక్కన 'బైట్లు' అన్న ఒక్క మాట రాయడానికి ఎవరికీ కష్టం లేదు. ఆ మాట లేకపోతే నష్టపోయేది ఇంగ్లీషేతర భాషలవారే.

యూనిక్స్ సాకెట్ దారి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. లినక్స్‌లో 108 బైట్లు, బీఎస్‌డీలలో 104, కొన్ని పాత వ్యవస్థల్లో 92. మామూలు దారికి 4096 బైట్లు దొరుకుతుంటే సాకెట్ దారికి ఇంత తక్కువ ఉంటుందని ఎవరూ ఊహించరు. పోసిక్స్ ఈ పరిమాణాన్ని కావాలనే నిర్ణయించకుండా వదిలేసింది. పేరున్న స్థిరాంకం కూడా లేదు. లోతైన ఫోల్డర్‌లో టెస్టులు నడిపినప్పుడు డేటాబేస్ మొదలుకాకపోవడానికి ఇదొక సాధారణ కారణం.

ఈ హద్దుల జ్ఞానం ఇప్పుడు ఎక్కడ దాగి ఉందో చూస్తే కొంచెం బాధ కలుగుతుంది. మొదట చెప్పిన రెండు గిగాబైట్ల గీతను గో భాష లైబ్రరీ 1 గిగాబైటు ముక్కలుగా కోసి దాటుతుంది. మాక్‌ఓఎస్‌కు పునాది అయిన డార్విన్, ఫ్రీబీఎస్‌డీ రెండు గిగాబైట్లు, అంతకన్నా ఎక్కువ ఒకేసారి చేయలేవని అక్కడి వ్యాఖ్య చెబుతుంది. రస్ట్, పైథాన్‌లు ఆపిల్ వ్యవస్థల కోసం తమ కోడ్‌లో విడిగా కోత పెట్టాయి. ప్రతి భాషా ఒకే రాయికి కాలు కొట్టుకుని, ప్రతిదీ తన సోర్స్‌లో ఒక వ్యాఖ్య రాసుకుంది. మాక్‌ఓఎస్ మాన్ పేజీలో ఆ ఎర్రర్ ఉంది, నిజమే. కానీ లినక్స్ మీద రాసి మాక్‌కు తెచ్చేవారు రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చదవరు. లినక్స్ పేజీల్లో 'వెర్షన్లు', 'చరిత్ర' అనే శీర్షికలు కొంతమేరకు ఈ పని చేస్తాయి. ఇతర వ్యవస్థల ప్రవర్తన అక్కడ ఇంకా విస్తారంగా ఉండాలి.

ఆ పేజీలు రాసేవారు గుప్పెడు మంది. లినక్స్ మాన్ పేజీలను 1995 నుంచి ఆండ్రీస్ బ్రౌవర్, 2004 నుంచి మైకేల్ కెరిస్క్ చూసుకున్నారు. కెరిస్క్ 2010లో తెచ్చిన 'ది లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్' పుస్తకంలో పదకొండో అధ్యాయం వ్యవస్థ పరిమితులు, ఆప్షన్ల గురించే. మాన్ పేజీల్లో ఏ కెర్నెల్ నుంచి ఏ హద్దు మారిందో వెర్షన్‌తో సహా రాయడం ఆయన కాలంలో స్థిరపడింది. ఈ వ్యాసంలోని లినక్స్ వివరాల్లో చాలావాటికి ఆ పద్ధతే ఆధారం. ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న అలెహాంద్రో కొలోమార్ 2024 సెప్టెంబరులో, జీతం లేకుండా ఇక కొనసాగించలేనని పని ఆపారు. తర్వాత కొన్ని సంస్థలు డబ్బు సమకూర్చడంతో పని మళ్లీ సాగింది. ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగం నడిచే కెర్నెల్‌కు ఈ గతి పట్టడం నాకు మింగుడుపడదు. ఓపెన్‌బీఎస్‌డీ ప్రాజెక్టులో మాన్ పేజీలో తప్పును కోడ్‌లో తప్పుతో సమానంగా చూస్తారు. కోడ్ మారితే పేజీ కూడా మారాల్సిందే. అక్కడ 2014లో పుట్టిన, యాదృచ్ఛిక బైట్లిచ్చే 'గెట్‌ఎంట్రోపీ' కాల్ ఒకసారికి 256 బైట్లే ఇస్తుంది. ఆ హద్దు పొరపాటున మిగిలినది కాదు. యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌కు విత్తనంగా తప్ప పెద్ద మొత్తంలో దీన్ని వాడకూడదన్న ఉద్దేశంతో పెట్టినది. 2024 పోసిక్స్ ఆ కాల్‌ను చేర్చుకుంటూ హద్దుకు ఒక పేరు కూడా పెట్టింది. పేరు, విలువ, కారణం మూడూ ఉన్న హద్దు ఇలా ఉంటుంది.

కొత్త చిక్కు కంటైనర్లతో వచ్చింది. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే 'ఫోర్క్' విఫలమైతే వచ్చే 'ఈఎగైన్' ఎర్రర్‌కు మాన్ పేజీ పలు కారణాలు వరుసగా చెబుతుంది. యూజరుకున్న ప్రాసెస్‌ల పరిమితి, వ్యవస్థ మొత్తానికున్న థ్రెడ్ల పరిమితి, ప్రాసెస్ సంఖ్యల గరిష్ఠం, కంటైనర్లకు హద్దులు వేసే కంట్రోల్ గ్రూపు పెట్టిన పరిమితి. ఒకే ఎర్రర్‌కు కారణాలను, వాటిలో కొన్నింటిని ఎక్కడ చూడాలో ఫైలు దారితో సహా ఒకేచోట పెట్టిన ఈ పేజీని మిగతావాటికి నమూనాగా తీసుకోవచ్చు. అయినా ప్రోగ్రామ్ తన హద్దును సిస్‌కాన్ఫ్‌తో అడిగితే మొదటి కారణం తాలూకు సంఖ్యే వస్తుంది. కంట్రోల్ గ్రూపు వంద ప్రాసెస్‌లకు కుదించినా సిస్‌కాన్ఫ్‌కు ఆ సంగతి తెలియదు, వేలల్లోనే చెబుతుంది. 1988లో ఊహించిన ప్రశ్నాజవాబుల పద్ధతి ఒకే పొర ఉన్న వ్యవస్థ కోసం తయారైంది. ఇప్పుడు కెర్నెల్, సీ లైబ్రరీ, ఫైల్‌సిస్టమ్, నెట్‌వర్క్ ప్రోటోకాల్, కంటైనర్ ఎవరి గీత వాళ్లు గీస్తున్నారు. వీటిలో అతి చిన్న గీత ఏదో అదే అసలు హద్దు. దాన్ని ఒక్క కాల్‌తో చెప్పగలిగే ఏర్పాటు పోసిక్స్‌లో లేదు, లినక్స్‌లోనూ లేదు. అది వచ్చేంతవరకు కంట్రోల్ గ్రూపు ఫైలును ప్రోగ్రామ్ స్వయంగా తెరిచి చదువుకోవాలి. ఆ మాటను సిస్‌కాన్ఫ్ మాన్ పేజీలో ఒక వాక్యంగా చేర్చడం ఇవాళే చేయగల పని.